నలభై వేల సూది సరే, రూపాయి మాత్ర ఏదీ?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నలారా, అక్కలారా!

గుండెపోటుతో సర్కారు ఆసుపత్రికి పోతే, గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ సూది ఉచితంగా వేస్తున్నారు. 2023లో మన ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన స్టెమీ పథకం అది. సూది ఖరీదు 40 వేల రూపాయల పైమాటే. ప్రాణాలు నిలబెట్టే పని, ఎవరూ తక్కువ చేయొద్దు. మరి కొలెస్టరాల్ తగ్గించి ఆ పోటు రాకుండా కాసే అటోర్వాస్టాటిన్ మాత్ర సంగతేంది? సర్కారు టోకున కొంటే 10 మిల్లీగ్రాముల మాత్ర రూపాయి కూడా పడదు. రూపాయే అనుకున్నా, ఒక్క సూది డబ్బుతో నూరు మందికి ఏడాది పొడుగునా ఇవ్వొచ్చు.

2022 జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఈ మాత్ర ఉంది. కానీ ముప్పై దాటినవాళ్ళకు ఊరూరా చేసే జాతీయ పరీక్షల్లో బీపీ ఉంది, సుగరు ఉంది, మూడు రకాల క్యాన్సర్ ఉంది, కొలెస్టరాల్ లేదు. చూడని జబ్బుకు ఇండెంటు ఎవరు పెడతారు? టమోటా క్రేట్లు మోసిన కూలి మందుల షాపులో స్ట్రిప్పు కత్తిరించి ఐదు మాత్రలు కొనుక్కుంటాడు. అవి అయిపోతే మళ్ళీ చేతిలో డబ్బు ఆడేదాకా మానేస్తాడు. రోజూ వేసుకుంటేనే పనిచేసే మందు ఇది!

కుప్పం పొలిమేర దాటితే కృష్ణగిరి జిల్లా. బీపీ, సుగరు మందులు ఇంటికే తెచ్చిచ్చే పథకాన్ని తమిళనాడు 2021 ఆగస్టు 5న ఆ జిల్లాలోని సామనపల్లిలోనే మొదలుపెట్టింది. పక్కూరికి అయ్యే పని మనకెందుకు కాదు?

సుగరు ఉండి నలభై దాటినవాళ్ళూ, ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళూ పీహెచ్‌సీ డాక్టరును నేరుగా అడగండి: “సార్, నాకు కొలెస్టరాల్ మాత్ర కావాల్నా?” సొంతంగా మొదలుపెట్టొద్దు. రిపోర్టులో అంకె తగ్గింది కదా అని సొంతంగా మానొద్దు కూడా, ఆ తగ్గింది మాత్ర వల్లే. రాసిస్తే నెలకు సరిపడా అడిగి తీసుకోండి.

స్టాకు లేదంటే నర్సమ్మతో గొడవ వద్దు, ఆమె చేతిలో ఏముంది? సమాచార హక్కు కింద తెల్లకాగితం మీద రాసివ్వండి: ఏడాదికి ఎన్ని మాత్రలకు ఇండెంటు పెట్టారు, ఎన్ని వచ్చాయి, ఎన్ని రోజులు స్టాకు లేదు? గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. ఆ జవాబుతో సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే చోటికి పదిమందీ కలిసి కదలండి. మందుల షాపు బిల్లులు పారేయకుండా దాచి, అర్జీకి జతచేయండి.