విత్తు లేని అనుమతి

గంజాయి యన్నంతనే నేరమని తలచువారు 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టమును చదువవలెను. నారకొఱకును, విత్తుకొఱకును సాగునకు ప్రభుత్వము అనుమతింపవచ్చునని అందలి 14వ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. 2018లో ఉత్తరాఖండము ఆ అనుమతి నిచ్చినది. మత్తు పదార్థము నూటికి 0.3 వంతు మించరాదని కట్టడి చేసినది. 2021లో ఈ గింజలు ఆహారముగ అంగీకరింపబడినవి. సంతోషమే! కాని రైతునకు విత్తనమేది?

కుమావూను, గఢ్వాలు కొండలలో తరతరములుగ ఈ గింజలతో పచ్చడి నూఱిరి, ఈ నారతో భంగేలా బట్ట నేసిరి. ఆ నాటు విత్తులలో మత్తు పలుమాఱు హద్దు దాటుచున్నందున నేడు రైతు వానిని జల్లుటకు జంకుచున్నాడు. పరదేశపు విత్తు కొనుమని కొందఱు బోధింతురు. ఫ్రాన్సు ఫెడోరా, ఇటలీ కార్మన్యోలా, హంగరీ కొంపోల్తీ మంచి జాతులే, ఎవరు కాదనిరి? కాని యీ మొక్క పగటి నిడివిని బట్టి పూచును. ఉత్తరదేశముల దీర్ఘమైన వేసవి పగళ్లకు అలవడిన జాతి, పగలు పొట్టియైన మన నేలలో ఎదుగకమునుపే పూచును, నార కుఱుచయగును. నేల మనది, చెమట మనది, విత్తు సీమది! దీనిని స్వదేశి యందుమా?

వెదకవలసినది మన కొండలలోనే. నాటు విత్తులను సేకరించి, మత్తు తక్కువగల మొక్కలనేఱి, ఏటేట వడకట్టవలెను. పుప్పొడి గాలిలో దూరము పోవును గనుక విత్తనపు మళ్లను అడవి గంజాయికి ఎడముగ నుంచవలెను. ఇది ఒంటరి రైతు పని కాదు, ప్రభుత్వ పరిశోధనాలయముల విధి.

1941-44 నాటి లెనిన్‌గ్రాడు ముట్టడిలో అచ్చటి శాస్త్రజ్ఞులు కొందఱు ఆకలిచే మరణించిరే కాని విత్తన భాండారమును ముట్టలేదు. ఏ ముట్టడియు లేని మనము మన విత్తును చేజేతుల పోగొట్టుకొందుమా? లైసెన్సు కాగితము మొలకెత్తదు. విత్తనమునిండు!