కాదనగల నాయిక

తెలుగు కథలో ప్రేమికులకు ఏనాడూ కొదువ లేదు. వారి ప్రేమను నమ్మించగల రచయితలే కొద్దిమంది. మొదటి పుటలో చూపులు కలుస్తవి, రెండవ పుటలో వెన్నెల కురుస్తుంది, మూడవ పుటలో విరహం ఆరంభమవుతుంది. వారు ప్రేమించుకున్నారని రచయిత చెప్పగా పాఠకుడు వింటాడు. ఎందుకు ప్రేమించుకున్నారో మాత్రం అతనికి బోధపడదు.

గురజాడవారి ‘దిద్దుబాటు’ 1910లో వెలువడినది. సాని పాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు; పుట్టింటికి పోతున్నానని వ్రాసిన ఉత్తరం కనిపిస్తుంది. అంతటితో అతని ధీమా అంతా కరగిపోతుంది. తుదకు మంచం కింద నుంచి ఆమె నవ్వు వినవస్తుంది. ప్రణయ ప్రసంగం ఒక్కటీ లేదు. అయినా ఆ దంపతుల అనురాగాన్ని శంకించే పాఠకుడుండడు.

చలం ‘మైదానం’ 1927 నాటిది. వకీలు భార్య రాజేశ్వరి ఇల్లు విడిచి అమీరుతో వెళ్లిపోవడాన్ని మెచ్చనివారు ఎందరో ఉన్నారు. కాని ఏమి పోగొట్టుకున్నదో, ఏమి పొందినదో ఆమె నోటనే వింటాము గనుక ఆమె మనసును నమ్మక తప్పదు. అడవి బాపిరాజు ‘నారాయణరావు’ ఇందుకు ఎదుటి ఒడ్డున నిలుస్తుంది. 1934లో ‘వేయిపడగలు’తో పాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకున్న ఈ నవలలో ప్రేమ పెళ్లి అయిన తరువాత పుడుతుంది. జమీందారు బిడ్డ శారద భర్తను తొలుత ఆదరించదు. ఆమె హృదయం మెల్లమెల్లగా మారేవరకు భర్త వేచి ఉన్నాడు. రచయితా వేచి ఉన్నాడు.

ఒకరు కట్టుబాటును తెంచుకున్నారు, ఒకరు కట్టుబాటులోనే ఎదిగారు. అయినను ఈ ముగ్గురు నాయికలకూ ఒక పోలిక ఉన్నది: ముగ్గురూ కాదనగలవారు. కాదనగలిగిన మనిషి ఔనన్నప్పుడే ఆ మాటకు విలువ.

నేటికీ ఎన్నో కథలలో, చలనచిత్రాలలో నాయకుడు వెంటపడుతూనే ఉంటాడు. నాయిక నిరాకరణ కొంతసేపటి ముచ్చటగా ముగుస్తుంది. ఇది రచనాలోపం మాత్రమే అని సరిపెట్టుకోరాదు. ప్రేమ అంటే ఏమిటో యువకులు చాలవరకు కథల ద్వారానే తెలుసుకుంటారు. ‘కాదు’ అన్న మాటకు అర్థం లేదని కథ నేర్పితే, ఆ పాఠాన్ని అప్పగించుకొనేది వీధిలో నడచిపోయే ఆడపిల్ల. కలం పట్టినవారు ఈ బాధ్యతను మరువరాదు.