పేర్లు మరువని ప్రయాణము



యూదులు అనగానే మనలో చాలామందికి బైబిలులోని అబ్రాహాము, మోషే, దావీదులే జ్ఞాపకము వస్తారు. ఈనాటి యూదులు తమ పిల్లలకు ఏమి నేర్పుతున్నారో మన సంఘాలలో అంతగా తెలియదు. అందుకని ఈ నెల వారి యౌవనస్థులు చేసే ఒక యాత్రను గూర్చి వ్రాస్తున్నాము.

ఆ యాత్ర పేరు 'మార్చ్ ఆఫ్ ది లివింగ్', అనగా సజీవుల నడక. 1988లో ఇది మొదలైంది. అమెరికా, కెనడా మొదలైన అనేక దేశాల నుండి హైస్కూలు వయసు పిల్లలు గుంపులుగా కూడి, పెద్దల వెంట ముందు పోలండుకు, అక్కడినుండి ఇశ్రాయేలుకు వెళ్తారు.

ముందు పోలండుకే ఎందుకు? రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు ఆ దేశములో సుమారు 33 లక్షల మంది యూదులుండేవారు. వారిలో దాదాపు 30 లక్షల మందిని హిట్లరు నాజీ ప్రభుత్వము చంపించింది. యాత్రకు వచ్చే పిల్లలలో అనేకుల ముత్తాతలు ఆ ఊళ్ళవారే.

టికోత్సిన్ అనే చిన్న ఊరిలో 1642లో కట్టిన యూదుల సమాజమందిరము నేటికీ నిలిచి ఉంది. గోడల మీద హెబ్రీ ప్రార్థనలు కనబడతాయి. చదివి ప్రార్థించే ఊరివారు మాత్రము లేరు. 1941 ఆగస్టులో వారిని దగ్గరి అడవికి తోలుకొనిపోయి కాల్చివేశారు. ఇప్పుడది మ్యూజియము. మన ఊరి దేవాలయము అలాగే నిలిచి, ఆదివారము గంట కొట్టినా వచ్చే కుటుంబము ఒక్కటీ లేకపోతే ఎలా ఉంటుందో తలంచండి.

ఆష్విట్జ్ శిబిరములో సుమారు 11 లక్షల మంది చనిపోయారు. వారిలో సుమారు 10 లక్షల మంది యూదులు. అక్కడ అద్దాల వెనుక పెట్టెలు గుట్టగా ఉన్నాయి. సామాను మరల చేతికి వస్తుందనే నమ్మికతో వాటి మీద పెద్ద అక్షరాలతో ఎవరి పేరు వారు వ్రాసుకున్నారు. పెట్టెలు మిగిలాయి, మనుషులు మిగలలేదు.

సంస్మరణ దినమున పొట్టేలు కొమ్ము బూర ఊదగా, పిల్లలు ఆష్విట్జ్ నుండి బిర్కెనౌ వరకు సుమారు 3 కిలోమీటర్లు నడుస్తారు. చనిపోయినవారి పేర్లు వ్రాసిన చిన్న చెక్కపలకలను అక్కడి రైలు పట్టాల మధ్య ఉంచుతారు. చనిపోయినవారి కొరకు కద్దీష్ అనే ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థనలో చావు అన్న మాటే లేదు, దేవుని ఘనపరచుటే ఉంది. శిబిరాల నుండి బ్రతికి బయటపడినవారు ఎందరో ఏళ్ళ తరబడి ఈ పిల్లల చేయి పట్టుకొని నడిచారు. 1945లో పదేళ్ళున్న బిడ్డకు ఇప్పుడు సుమారు తొంభై ఏళ్ళు. ఇక చెప్పవలసినవారు విన్న పిల్లలే.

యెరూషలేములో 1953లో స్థాపించిన స్మారక సంస్థకు 'యాద్ వషేమ్' అని పేరు. ఈ మాటలు యెషయా గ్రంథము 56వ అధ్యాయములోనివి. జ్ఞాపకార్థము, పేరు అని వాటి భావము. చంపబడిన 60 లక్షల మందిలో ఇప్పటికి సుమారు 50 లక్షల పేర్లను ఆ సంస్థ సేకరించింది.

ప్రియులారా, ఇది వారి సంగతి మాత్రమే కాదు. ఆ ఘోరము చేసినవారిలో అత్యధికులు బాప్తిస్మము పొందినవారే. యూదులు క్రీస్తును చంపిన జాతి అని వందల ఏళ్ళు ప్రసంగవేదికల నుండి చెప్పిన మాటలు ఆ ద్వేషానికి నేల దున్నాయి. మార్టిన్ లూథర్ గారు సైతము 1543లో యూదులకు విరోధముగా కఠోరమైన పుస్తకము వ్రాశారు. నాజీలు దానిని వాడుకున్నారు. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ సంఘము 1994లో ఆ వ్రాతలను బహిరంగముగా నిరాకరించింది. మరొక ప్రక్క హాలండులో కొర్రీ టెన్ బూమ్ కుటుంబము యూదులను ఇంట దాచి 1944లో పట్టుబడింది. తండ్రి, అక్క చెరలోనే ప్రాణము విడిచారు. వారు చదివినదీ ఆ బైబిలే.

కాబట్టి శుభ శుక్రవారమున ఏడు మాటలు ధ్యానించేటప్పుడు, సండేస్కూలులో సిలువ కథ చెప్పేటప్పుడు, మాట జాగ్రత్త. యేసు ప్రభువు యూదుడు, మరియమ్మ యూదురాలు, పన్నెండుమంది అపొస్తలులూ యూదులే. సిలువ మీద క్షమాపణ కొరకు ప్రార్థించినవాని పేరట ఒక జాతిని నిందించుట తగదు. ఏ జాతిని గూర్చియైనా, మన ఊరిలోని ఏ పేటను గూర్చియైనా ఇదే మాట.

మరొక సంగతి. యొర్దాను దాటినప్పుడు పన్నెండు రాళ్ళు నిలిపినది పిల్లలు అడగాలనే అని యెహోషువ 4వ అధ్యాయములో చదువుతాము. మీ ఇంట మొదట ప్రభువును నమ్మినవారెవరు? వారు ఏమి సహించారు? ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన తరువాత ఇంటి పెద్దవారిని, తాతయ్యను గాని నాయనమ్మను గాని, అడగండి. ఆ పేర్లను బైబిలు మొదటి పుటలో పిల్లల చేతనే వ్రాయించండి. వ్రాసిన బిడ్డ మరచిపోడు.