సంపు లోపలి పూత: మనమే వేసుకోవచ్చునా?

వేసవిలో నీటి మట్టం తగ్గగానే ఇంటి సంపు గోడలలోని పగుళ్లు బయటపడతాయి. పెచ్చులూడిన పాత సిమెంటును గీకి, నీరు కారకుండా కొత్త పూత వేయవలసి వస్తుంది. మేస్త్రీ కూలి మిగులుతుందని, చేసే పద్ధతి వీడియోలలో దొరుకుతున్నదని కొందరు గృహస్థులు తామే దిగడానికి సిద్ధపడుతున్నారు. పూత వేయడం పెద్ద విద్య కాదన్నది నిజమే. కాని ఆ పని జరిగే చోటే ప్రాణాంతకమైనది.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 20.9 శాతం. అది 19.5 శాతానికి తగ్గితే ఆ చోటు సురక్షితం కాదు. 10 శాతానికి దిగువన మనిషి స్పృహ కోల్పోతాడు. మూసి ఉన్న సంపులో కుళ్లే బురద, తుప్పు పట్టే ఇనుము ఆక్సిజన్‌ను హరిస్తాయి. ఈ కొరతకు రంగు, వాసన ఉండవు. దిగినవాడు కూలిపోయాకనే పైవారికి తెలుస్తుంది. అతణ్ణి కాపాడబోయిన తమ్ముడో, కొడుకో కూడా అక్కడే పడిపోవడం ఇటువంటి ప్రమాదాలలో తరచుగా కనిపించే ఘోరం.

పూత పని ఈ అపాయాన్ని మరింత పెంచుతుంది. ద్రావకాలు కలిసిన పెయింట్ల ఆవిరి గాలికన్నా బరువైనది గనుక అడుగున నిలుస్తుంది. నిప్పు తగిలితే అంటుకుంటుంది. అందుచేత కొవ్వొత్తి దింపి చూసే పాత పరీక్షను నమ్మరాదు. బాత్‌రూమ్ యాసిడ్‌కు బ్లీచింగ్ పౌడర్ తోడైతే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. గ్రైండర్‌తో సిమెంటును గీకితే సిలికా ధూళి లేస్తుంది. ఏళ్ల తరబడి దానిని పీల్చినవారికి వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. తడి సిమెంటులోని క్షారం మొదట నొప్పి తెలియకుండానే చర్మాన్ని కాలుస్తుంది.

కనుక నా సలహా ఇది. పైన పూర్తిగా తెరిచి ఉన్న తొట్టి అయితే మీరే చేసుకోవచ్చు. గోడను తడిపి గీకండి. ఎన్95 మాస్కు, రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు ధరించండి. తాగునీటి తొట్లకు తగిన సిమెంటు పూతనే ఎంచుకోండి. చిన్న మూత మాత్రమే ఉన్న సంపులోకి మాత్రం దిగవద్దు.

అలాగని అడ్డామీది కూలీని పిలిచి, ఏ రక్షణా లేకుండా దింపడం పరిష్కారం కాదు. అతని ఊపిరికీ కావలసింది అదే గాలి. గాలిని కొలిచే మీటరు, గాలిని పంపే బ్లోయరు, నడుముకు తాడుతో కూడిన బెల్టు, పైన కనిపెట్టుకొని ఉండే మరో మనిషి, ఈ నాలుగూ ఉన్నవారికే పని అప్పగించండి. అందుకయ్యే అదనపు ఖర్చును పూత ఖర్చులో భాగంగానే లెక్కించాలి.

లోపల ఎవరైనా పడిపోతే వెంటనే 101కు, 108కు ఫోన్ చేయండి. ఎంత ఆత్మీయులైనా సరే, వెనుక దిగవద్దు, ఇంట్లోవారినీ దిగనీయవద్దు.