గీజర్ వేస్తే మీట పడిపోతోందా?

చలి మొదలైంది. వేసవంతా మూలనపడ్డ గీజర్‌కి మళ్లీ పని పడింది. తీరా స్విచ్ వేస్తే 'టప్'మని ఇల్లంతా చీకటి! బోర్డు దగ్గరికెళ్లి పడిపోయిన మీట పైకెత్తితే మళ్లీ అదే తంతు. నాలుగోసారికి ఇంటాయనకు విసుగొస్తుంది. 'ఈ ఎంసీబీ పాడైనట్టుంది, పెద్దది వేయించేద్దాం' అంటాడు. ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. చాలా ఇళ్లలో ఆ మీట పాడైపోలేదు, తన పని తాను చేస్తోందంతే.

పడింది ఏది?

ముందు ఏ మీట పడిందో చూడాలి. 'టెస్ట్' అని చిన్న బటన్ ఉంటే అది ఆర్‌సీసీబీ. లేకపోతే ఎంసీబీ. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగినా, షార్ట్ సర్క్యూట్ అయినా ఎంసీబీ పడుతుంది. ఆర్‌సీసీబీ లెక్క వేరు. వెళ్లిన కరెంటంతా తిరిగొచ్చిందా లేదా అన్నదే దానికి కావాలి. తేడా వచ్చిందంటే ఎక్కడో నేలలోకో, మనిషి ఒంట్లోకో కారుతున్నట్టే. ఇళ్లలో సాధారణంగా పెట్టే రకం ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికే సరఫరా ఆపేస్తుంది.

ఎప్పుడు పడింది?

స్విచ్ వేయగానే ఎంసీబీ పడితే ప్లగ్గులోనో, వైర్లలోనో, గీజర్ లోపలో షార్ట్ అయ్యుండొచ్చు. పది పదిహేను నిమిషాలకు పడితే లైను మీద బరువు ఎక్కువైందేమో చూడాలి. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 3000 వాట్లదైతే 13. అదే లైను మీద ఇస్త్రీపెట్టె కూడా వేస్తే పాపం ఎంసీబీ ఏం చేస్తుంది? గీజర్‌కి బోర్డు నుంచి విడిగా లైను ఉండాలి. ప్లగ్గు పిన్నులు నల్లబడినా, ప్లాస్టిక్ మెత్తబడినా లోపల స్క్రూలు వదులైనట్టే.

ఆర్‌సీసీబీ పడుతుంటే మొదటి అనుమానం ఎలిమెంటు మీదే. రాగి లేదా స్టీలు గొట్టం మధ్యలో నిక్రోమ్ తీగ, చుట్టూ దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి... ఎలిమెంటంటే ఇదే. ఆ పొడి వేడిని బయటకు పంపుతుంది, కరెంటును మాత్రం ఆపుతుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో గొట్టం మీద సున్నం పొరలా పేరుకుంటుంది. వేడి బయటకు పోయే దారిలేక గొట్టం పగులుతుంది. నీళ్లు లోపలికి చేరతాయి. పగుళ్లు లేకున్నా నెలల తరబడి వాడకపోతే పొడికి చెమ్మ పట్టొచ్చు. చలికాలం మొదట్లోనే ఈ గొడవ రావడానికి అదో కారణం.

ఇంట్లో చేసుకోగల పరీక్ష

చేతులు, కాళ్లు పొడిగా ఉండాలి. మెయిన్ ఆపి, గీజర్ ప్లగ్గు తీసేయండి. తర్వాత మీటలన్నీ ఎత్తి, ఖాళీ సాకెట్ స్విచ్ వేయండి. అప్పుడూ పడితే తప్పు సాకెట్‌లోనో వైరింగ్‌లోనో ఉంది. నిలబడితే గీజర్‌లో ఉన్నట్టు. ఇంట్లోవాళ్ల పని అంతవరకే. మూత విప్పడం ఎలక్ట్రీషియన్‌కు వదిలేయాలి. అతను మెగ్గర్‌తో ఎలిమెంటుకీ గీజర్ బాడీకీ మధ్య లీకేజీ ఉందేమో చూస్తాడు. ఉంటే ఎలిమెంటు ఒక్కటి మార్చుకుంటే చాలు, కొత్త గీజర్ అక్కర్లేదు. ట్యాంకు ఎలాగూ విప్పుతారు కాబట్టి లోపలి సున్నం తీయించి, అరిగిపోయిన మెగ్నీషియం రాడ్ కూడా మార్పించుకోవాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడేది అదే. మళ్లీ స్విచ్ వేసే ముందు వేణ్నీళ్ల కుళాయి తిప్పి ధారగా నీళ్లు వస్తున్నాయో లేదో చూడాలి. ఖాళీ ట్యాంకులో వేస్తే కొత్త ఎలిమెంటూ కాలిపోతుంది.

ఇవి మాత్రం వద్దు

* 16 ఆంపియర్ల ఎంసీబీ పడుతోందని 32 ఆంపియర్లది వేయించడం. మీట పడదు, గోడలో వైరు కాలుతుంది.

* ఎర్త్ వైరు పీకేయడం. 'తీసేస్తే సరిపోతుందమ్మా' అనేవాళ్లున్నారు. నిజమే, మీట పడటం ఆగుతుంది. కానీ అప్పటిదాకా భూమిలోకి పోయిన కరెంటు ఇక గీజర్ బాడీలో, కుళాయిలో, నీళ్లలో కాచుకుని ఉంటుంది. తడి ఒంటితో కుళాయి తిప్పే మనిషే దానికి దారి.

* పడిన మీటను పదేపదే ఎత్తడం. ఒకసారి ఎత్తి చూడొచ్చు. రెండోసారీ పడితే ఆపేయాలి.

పాత ఇళ్లలో చాలాచోట్ల ఆర్‌సీసీబీ ఉండదు. అక్కడ లీకేజీ ఉన్నా ఏ మీటా పడకపోవచ్చు, కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటుందంతే. అదే హెచ్చరిక. అలాంటప్పుడు మెయిన్ ఆపి, బాగయ్యేదాకా గీజర్ వాడకూడదు. ఆర్‌సీసీబీ ఉన్నవాళ్లు నెలకోసారి 'టెస్ట్' బటన్ నొక్కి చూడాలి. నొక్కినా మీట పడకపోతే దాన్ని వెంటనే మార్పించాలి.