మన కంచం వేరు, కుక్క కంచం వేరు

యాంటీ ఆక్సిడెంట్ల కోసం పల్నాడు మనిషి మాత్రల డబ్బాలు కొననక్కర్లేదు. కవి శ్రీనాథుడు ఈసడించాడని చెప్పుకునే మన జొన్నకూటిలోనే పాలీఫినాల్స్ ఉన్నాయి. గురజాల, మాచర్ల చేలల్లో కాసే పచ్చిమిరపలో సి విటమిన్ దండిగా ఉంటుంది. 1937లో నోబెల్ అందుకున్న సెంట్‌ గ్యోర్గి ఆ విటమిన్‌ను రాశులుగా తీసింది హంగేరీ మిరపకాయల నుంచే. అయితే ఆ మిరపతో వండిన, మనకు మేలుచేసే కూరను పెంపుడు కుక్కకు వేయడం తప్పు. సి విటమిన్‌ను కుక్క కాలేయమే తయారుచేసుకుంటుంది. ఆ శక్తి మనిషికి లేదు. పైగా కూరలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను ఆక్సీకరణతో దెబ్బతీసి రక్తహీనత తెస్తాయి. ద్రాక్ష, చాక్లెట్ కూడా దానికి విషమే. ఉప్పుకారాలు తగలని ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని మాంసం, కాస్త జొన్నన్నం, క్యారెట్ ముక్కలు పెట్టండి. మిగిలిన కూర మాత్రం వేయకండి.