ఇల్లు కొనునపుడు ఇంటిలోనివారిని పలుకరింపుడు

పోయిన నెలలో మా పిన్నమ్మ కూతురు విశాఖపట్టణమునుండి వచ్చి రెండు దినములు మా యింట నుండెను. చుట్టపుచూపునకు వచ్చినదనుకొంటిని. భోజనములైన పిమ్మట కన్నీరు పెట్టుకొని యొక క్రయపత్రము నా చేతిలో నుంచెను. పదునైదేండ్లు ఉపాధ్యాయినిగా పనిచేసి కూడబెట్టిన ధనమునకు గాజులమ్మిన సొమ్ము చేర్చి, నెలనెల యద్దె వచ్చునను నాసతో కాకినాడలో నొక చిన్న యిల్లు కొనినదట. అందొక కుటుంబము కాపురమున్నది. “రిజిస్ట్రేషనైన పది దినములలో ఖాళీ చేయించెదను” అని యమ్మినవాడు నోటిమాట చెప్పెను. సొమ్ము ముట్టిన పిదప నేడు రేపని జరుపుచు, తుదకు ఫోను తీయుటయే మానెను. ఎనిమిది నెలలైనది. లోనివారు కదలలేదు, అద్దెయు రాలేదు.

“అక్కయ్యా, ఈసీ తీయించితిని, పన్ను రసీదులు చూచితిని, లింకు దస్తావేజులన్నియు వకీలుచే చదివించితిని. ఇంకేమి చేయవలసి యుండెను?” అని యడిగెను. ఆ గుమ్మమెక్కి యింటి యిల్లాలిని పలుకరించితివా యంటిని. లేదనెను. “వారితో మీకేల, నేను చూచుకొందును” అని యమ్మినవాడు వారించెనట! ఈ మాట వినబడినచోటనే మనము చెవులు నిక్కించుకొనవలయును.

ఈసీలో రిజిస్టరైన వ్యవహారములే కనబడును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము మూలరూపమున ఏడాదికి మించిన కౌలు మొదలగువానికే రిజిస్ట్రేషను విధించినది. అందుచేతనే మనవారు 11 నెలల కరారునామాలు వ్రాసికొందురు. నోటిమాటపై నద్దెకున్నవారి సంగతి యే దస్తావేజునందును కానరాదు. అయినను 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 3వ సెక్షను ప్రకారము, ఇల్లెవరి స్వాధీనమందున్నదో వారికి గల హక్కు కొనువారికి తెలిసినట్లే యెంచబడును. లోనివారు ముందే కొనుగోలు ఒప్పందము వ్రాయించుకొనినవారు కావచ్చును, భాగము కోరు జ్ఞాతులు కావచ్చును. అడుగలేదు గనుక తెలియదనుట చెల్లదు.

మా చెల్లెలి మఱది యొకడు కరెంటు తీయించి, వారు ఊరికి వెళ్ళినపుడు తాళము మార్చుమని బోధించెనట. మగవారి శౌర్యమునకేమి! 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము 6వ సెక్షను క్రింద, న్యాయమార్గమున గాక వెడలగొట్టబడినవారు ఆఱు నెలలలోపల దావా వేసి మరల స్వాధీనము పొందవచ్చును. యజమానినని చెప్పుకొనుట అడ్డురాదు.

ఆ వారముననే యిరువురము కాకినాడ వెళ్ళితిమి. తలుపు తీసినయామె ముప్పదియేండ్ల యిల్లాలు. ఇల్లు అమ్ముడైనదని మేము చెప్పగా తెల్లబోయెను. “అమ్మగారూ, ప్రతి నెల అయిదవ తేదీకి పాతవారికే అద్దె పంపుచున్నాము” అని తన ఫోనులో ఎనిమిది నెలల చెల్లింపులును చూపెను. మా చెల్లెలు కబురులన్నియు అమ్మినవానిద్వారానే పంపినది. అవి వీరికి చేరనేలేదు! ఆతడు ఇల్లును అమ్ముకొనెను, అద్దెయు తినెను.

ఇచ్చట 109వ సెక్షను గుర్తుంచుకొనదగినది. ఇల్లు చేతులు మారినదని తెలియక పాత యజమానికి అద్దె చెల్లించినవారు మరల క్రొత్తవారికి చెల్లింప నక్కఱలేదు. కాబట్టి ఆ ఎనిమిది నెలల సొమ్మును అమ్మినవానియొద్దనే రాబట్టుకొనవలెను. క్రయమైన దినముననే అద్దెకున్నవారికి వ్రాతమూలకముగా నొక తాఖీదు పంపియున్నచో ఈ నష్టము కలుగకపోవును.

కొనకముందే అయినచో, అద్దె యెంత, అడ్వాన్సు ఎంత యిచ్చిరి, ఎప్పటినుండి యున్నారు అను మూడు సంగతులు వారిచేతనే వ్రాయించి సంతకము తీసికొనవలెను. అడ్వాన్సు మాట మఱువరాదు. పాతవాడు పుచ్చుకొనిన దానికి రేపు మనలను నిలదీయుదురు. ఇల్లు ఖాళీగా కావలసినచో కొంత సొమ్ము బిగబట్టి, తాళముచెవులు చేతికి వచ్చిననాడే యిత్తుమని ఒప్పందములో వ్రాయింపవలెను. నెలసరి యద్దెకున్నవారికి సామాన్యముగా 15 దినముల నోటీసు చాలునని 106వ సెక్షను చెప్పును గాని, రాష్ట్రపు అద్దె చట్టము వర్తించుచోట దారి వేఱు. నోటీసునకు కదలనివారిని న్యాయస్థానమే కదల్పవలెను.

ఆ యింటి పెద్దపిల్ల పదవ తరగతి చదువుచున్నది. పరీక్షలైన పిదప మాటలాడుకొందమని మా చెల్లెలే చెప్పినది. ఈ నెల అయిదవ తేదీన అద్దె మొదటిసారి ఆమెకు చేరినది. అమ్మినవానికి వకీలు నోటీసు వెళ్ళినది. జవాబింకను రాలేదు.